రైఫిలుకు పెట్టిన బొట్టు

నేను ఆ రోజు అబద్ధమాడలేదు. మేజరుగారు నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. రెండింటికీ ఉన్నదే చెప్పాను. ఆ రెండు జవాబుల మూలంగా, ఇరవై ఏళ్ళకు పైగా సైన్యంలో పనిచేసిన ఒక మనిషికి రావలసిన పై హోదా రాకుండా పోయింది. జరిగి రెండేళ్ళు కావస్తోంది. ఇప్పటికీ ఆ జవాబులను ఒక్కొక్కటిగా తీసి పరీక్షిస్తే వాటిలో తప్పు పట్టడానికి వీలుండదు. అందువల్లనే ఇది రాయవలసి వచ్చింది.

అప్పట్లో కాలేజీలో చేరిన ప్రతి విద్యార్థికీ సైనిక శిక్షణ తప్పనిసరి. విజయనగరంలో బి.ఎ. చదువుతున్న నేను వారానికి రెండు ఉదయాలు ఖాకీ నిక్కరు తొడుక్కుని మైదానంలో కవాతు చేసేవాణ్ణి. తక్కిన కాలమంతా వాదోపవాదాల పోటీలకే అంకితం. ఆ సంవత్సరం కాలేజీల మధ్య జరిగిన పోటీలో ‘ఆచారం హేతువుకు శత్రువు’ అనే ప్రతిపాదనను సమర్థించి వెండిపూత కప్పు ఒకటి గెలిచాను. మా నాన్నగారు ఊళ్ళో ఒక చిన్న కోవెలలో అర్చకులు. కప్పు తెచ్చి ఆయన ఎదుట పెడితే ఇటూ అటూ తిప్పి చూసి, “చింతపండుతో తోమితే ఇంకా మెరుస్తుందిరా” అన్నారు. ప్రతిపాదన ఏమిటని అడగలేదు.

మాకు శిక్షణ ఇచ్చేది ఒక హవల్దారు. సైన్యంలో పని నేర్పేవాణ్ణి ఉస్తాద్ అంటారు. మేమూ అలాగే పిలిచేవాళ్ళం. కోటబొమ్మాళి దగ్గర పల్లెలో వరి పండించుకునే కుటుంబం ఆయనది. ఉత్తరాన మంచుకొండల్లో ఉద్యోగం చేసి వచ్చాడు గాని ఆయన తెలుగుకు ఆ మంచు అంటలేదు. నేను గౌరవించిన ఉపాధ్యాయులలో పుస్తకం లేకుండా పాఠం చెప్పినవాడు ఆయన ఒక్కడే.

“ఒరే బాబూ, తుపాకీ ఆగిపోయినాదనుకో. తిట్టకు, గుద్దకు. అడుగు. బోల్టు ఎక్కడ ఆగినాదని అడుగు. ఛాంబర్ల ఏటున్నాదని అడుగు. మ్యాగజైన్ల ఏటి మిగిలినాదని అడుగు. మూడూ వరస తప్పకుండా అడిగితే, జబ్బేటో అదే సెప్తాది.”

బోల్టంటే తూటా వెనుక గొట్టాన్ని మూసే కడ్డీ, ఛాంబరంటే తూటా కూర్చునే చోటు, మ్యాగజైనంటే తూటాల డబ్బా. ఉస్తాద్ మాట నా మనసుకు పట్టింది. ముందుగా ఒక నిర్ణయానికి వచ్చి, ఆ తరువాత సాక్ష్యం వెతుక్కునే వక్తలను నేను పోటీల్లో చూస్తూనే ఉండేవాణ్ణి. ఆయన పద్ధతి దానికి తలకిందులు. పైగా ఆయన ఒకసారి చూసినదాన్ని మళ్ళీ చూసేవాడు కాదు. “సరిగ్గా సూస్తే ఒక్కసారి సాలు. రెండోసారి సూసినావంటే మొదటిసారి సూడలేదన్నమాటే” అనేవాడు.

దసరా సెలవుల్లో మా వార్షిక శిబిరం నెల్లిమర్ల దాటాక ఒక కొండ వార మామిడితోటలో పెట్టారు. జనపనార మిల్లు కూత వినిపించేంత దూరం. అక్కడికి ఒక కొత్త రైఫిలు అరువుగా వచ్చింది. మేము అంతవరకు వాడిన పాత రైఫిలుకు ప్రతి తూటా తరువాతా బోల్టును చేత్తో వెనక్కి లాగి ముందుకు తొయ్యాలి. ఇది అలా కాదు. తూటా పేలినప్పుడు గొట్టంలో పుట్టిన గ్యాసులో కొంత, గొట్టం మీది చిన్న రంధ్రంలోంచి పైకి వచ్చి ఒక సన్నని పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది. పిస్టన్ బోల్టును తోస్తుంది. పేలిన తూటా ఖాళీ గుల్ల బయట పడుతుంది. బోల్టు తిరిగి వస్తూ కొత్త తూటాను ఛాంబరులోకి నెట్టుకుపోతుంది. ఇదంతా ఒక రెప్పపాటు. గ్యాసు చాలకపోతే బోల్టు సగం దారిలో తిరిగి వచ్చేస్తుంది; గుల్ల ఇరుక్కుంటుంది, లేదా కొత్త తూటా అందదు. ఆ గ్యాసును ఎక్కువ తక్కువ చెయ్యడానికి రైఫిలు ముందు భాగంలో ఒక ఇనుప వలయం ఉంటుంది. దాన్ని ఉస్తాద్ రెగిలేటరు అనేవాడు.

ఆ రైఫిలును పైనుంచి వచ్చే మేజరుగారి ఎదుట ఉస్తాద్ పేల్చి చూపాలి. ఆయన నాయబ్ సుబేదారు కావడానికి ఆ ఏడాదే ఆఖరి అవకాశం. మేజరుగారు మంచి నివేదిక రాస్తే హోదా పెరిగి మరికొన్నేళ్ళు ఉద్యోగం; లేకపోతే హవల్దారుగానే పింఛను పుచ్చుకుని ఇంటికి. ఈ సంగతి శిబిరంలో అందరికీ తెలుసు.

మహర్నవమి సాయంత్రం ఆయన నన్ను ఆయుధాల గుడారంలోకి పిలిచాడు. ఆ రాత్రి దాని కాపలా నాది. బల్ల మీద రైఫిలు ఉంది. పిస్టన్, రెగిలేటరు అన్నీ విప్పి తుడిచి, అప్పుడే మళ్ళీ బిగించాడు.

“నువ్వు పూజారిగారి అబ్బాయివి గదా. రేపు దీన్నే సూపిస్తాను. నీ సేత్తో ఒక బొట్టు పెట్టు.”

“నేను వీటిని నమ్మను ఉస్తాద్.”

“నిన్ను నమ్మమన్నదెవులు? నాను నమ్ముతాను, నువ్వు పెట్టు. మేజరుగారికి తెలవక్కర్లేదు.”

“నమ్మకం లేనివాడు చేసిన పూజకు ఫలితం ఉంటుందని ఏ శాస్త్రం ప్రకారం—”

“ఓరి బాబూ, బొట్టెట్టమంటే ఉపన్యాసం పెట్టీసినాడు” అని ఆయన నవ్వాడు. “కర్ర మీదే పెట్టు, ఇనుముకి తగలనీకు. పొద్దున్న లేవగానే నువ్వే తుడిసీ.” పసుపు, కుంకుమ, గంధపు చెక్క ఉన్న పొట్లం నా చేతిలో పెట్టి వంటశాల వైపు వెళ్ళిపోయాడు.

ఒంటరిగా మిగిలిన నేను ఆలోచించాను. ఆలోచించడమే అక్కడ నేను చేసిన తప్పు. రైఫిలులో కర్ర భాగం భుజానికి ఆనించుకునేది. అంటే అది వెనుక భాగం. ఎవరైనా మడమకు బొట్టు పెడతారా? గొట్టం కొసను సైన్యంలో అందరూ మూతి అనే అంటారు. మూతి ఉన్నదానికి మూతికి పైన నుదురు ఉండక తప్పదు. మూతికి పైన ఉన్నది ఆ వలయమూ, పిస్టన్ గొట్టం మొదలూను. కాబట్టి నుదురు అదే. నమ్మకం లేని పనిని కూడా తర్కబద్ధంగా చేస్తున్నానన్న తృప్తి నాకు కలిగింది.

నూనె పట్టిన లోహం మీద గంధం నిలవదు. కోవెలలో ఉత్సవ విగ్రహాలకు పెట్టేటప్పుడు నాన్నగారు గంధంలో చిన్న బెల్లం ముక్క కలిపి అరగదీసేవారు. అది ఆరితే ఊరేగింపు అంతా తిరిగి వచ్చినా చెక్కు చెదరదు. వంటశాల నుంచి ప్రసాదంగా పంచిన బెల్లం నా జేబులో ఉంది. అదీ కలిపి, వలయం చుట్టూ నిండుగా పూసి, మధ్యలో కుంకుమ పెట్టాను. దాని మీద గుడ్డ కప్పాను. తిరిగి వచ్చిన ఉస్తాద్ కప్పిన గుడ్డకే గుమ్మంలోంచి దండం పెట్టుకున్నాడు.

తెల్లవారగానే తడిగుడ్డతో దాన్ని తుడిచాను. బెల్లం కరిగి పసుపుపచ్చని నీరు వలయం సందుల్లోకి, రంధ్రాల్లోకి దిగింది. పైన మాత్రం తళతళలాడింది. పైన చూసి తృప్తిపడి, నూతి దగ్గరికి స్నానానికి వెళ్ళాను. ఆ సమయంలో ఉస్తాద్ వచ్చి, పేల్చే ముందు నూనె తియ్యాలి గనుక, గొట్టమూ బోల్టూ మళ్ళీ తుడిచాడని తరువాత తెలిసింది. పిస్టన్ జోలికి పోలేదు. సాయంత్రం తీసి తుడిచినదే కదా. పైగా పూజ అయిన తరువాత దాన్ని విప్పడానికి ఆయనకు మనస్కరించి ఉండదు.

కొండ కింద ఎర్రజెండాలు పాతారు. మేమంతా వెనుక బారులు తీరి కూర్చున్నాం. మేజరుగారు కుర్చీలో. ఉస్తాద్ నేల మీద బోర్లా పడుకుని గురి చూశాడు. మొదటి తూటా పేలింది. గుల్ల ఎగిరి గడ్డిలో పడింది. రెండోది కూడా అలాగే. మేము చప్పట్లు కొట్టాం. మూడోదానికి గుల్ల బయటికి రాలేదు. సగం వచ్చి బోల్టుకూ ఛాంబరుకూ మధ్య నిటారుగా ఇరుక్కుంది.

ఉస్తాద్ తొందరపడలేదు. రైఫిలును పక్కకు వంచి చూసి, గుల్లను తీసి పారేసి మళ్ళీ పేల్చాడు. ఈసారి గుల్ల పడింది గాని కొత్త తూటా అందలేదు; మీట నొక్కితే టిక్కుమంది. బోల్టును చూశాడు, ఛాంబరు చూశాడు, మ్యాగజైను తీసి చూశాడు. తూటాలు ఉన్నాయి. మ్యాగజైను మార్చాడు. అదే జబ్బు. వేరే పెట్టెలోని తూటాలు పెట్టాడు. అదే జబ్బు. ఆయన పెదవులు కదలడం నాకు కనిపించింది; వరస తప్పకుండా అడుగుతున్నాడు. మ్యాగజైను కాదు, తూటా కాదు, కనుక గ్యాసు చాలడం లేదు. అప్పుడు చిన్న పనిముట్టు తీసి వలయాన్ని తిప్పబోయాడు. అది తిరగలేదు.

ఆ క్షణాన నాకు తెలిసిపోయింది. ఆయన పనిముట్టు జారింది, వేలు చీరుకుంది, మళ్ళీ పట్టి తిప్పాడు. తూటాల వేడికి వలయం సందుల్లోని బెల్లం ముదురుపాకమై, దాన్ని అతికించేసింది. లోపల పిస్టన్‌కూ అదే పట్టి ఉంటుంది. ఇదంతా నాకు తెలుసు. పది గజాల దూరంలో కూర్చుని ఉన్నాను. లేచి నిలబడి ఒక్క మాట అంటే చాలు.

ఉస్తాద్ చివరికి బోల్టును చేత్తో లాగుతూ తక్కిన తూటాలు పేల్చాడు. నా పక్కన నా గుడారంలోనే ఉండే రైతుకుటుంబపు స్నేహితుడు కూర్చున్నాడు. వాడు గొంతు తగ్గించకుండానే, “తనంత తానే లోడవుతాదన్నారు. ఉస్తాద్ సెయ్యి నొప్పెట్టేలాగ ఉన్నాదేటి?” అన్నాడు. బారు బారంతా నవ్వింది. మేజరుగారు వెనక్కి తిరిగి చూశారు.

ఆ నవ్వు విన్నాక నేను లేవలేకపోయాను. హేతువు పక్షాన కప్పు గెలిచినవాడు రైఫిలుకు నుదురు వెతికి బెల్లం గంధం పూశాడని తెలిస్తే ఆ బారు నన్ను చూసి ఎలా నవ్వుతుందో నాకు వినిపించింది. భయపడింది శిక్షకు కాదు. శిక్షకు భయపడి ఉంటే ఇంత సిగ్గు ఉండేది కాదు.

మధ్యాహ్నం ఒక గుడారంలో బల్ల వేసి విచారణ జరిపారు. నేను బయట గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. బలవంతంగా విప్పిన పిస్టన్ బల్ల మీద నల్లగా, జిగటగా ఉంది. “సాబ్, నేను శుభ్రం చేశాను” అని ఉస్తాద్ హిందీలో మూడుసార్లు చెప్పాడు. “అయితే ఇదేమిటి?” అని మేజరుగారు పిస్టన్‌ను చూపారు. ఉస్తాద్ దాన్ని చేతిలోకి తీసుకుని వాసన చూసి, మళ్ళీ బల్ల మీద పెట్టాడు. పూజ మాట ఆయన ఎత్తలేదు. కర్ర మీద పెట్టిన బొట్టుకూ పిస్టన్‌కూ సంబంధం ఉంటుందని ఆయన ఎందుకు అనుకుంటాడు? తరువాత, ఆయుధాల గుడారం నా కాపలాలో ఉంది కనుక నన్ను పిలిచారు. ప్రశ్నలు ఇంగ్లీషులో.

“హవల్దారు బిగించిన తరువాత ఏ క్యాడెట్ అయినా దీన్ని విప్పాడా?”

“లేదు సర్.”

“ఈ ఉదయం హవల్దారు దీన్ని శుభ్రం చెయ్యడం నువ్వు చూశావా?”

“చూడలేదు సర్.”

మేజరుగారు రాసుకున్నారు. బల్లకు ఇవతల నిలబడిన నాకు అక్షరాలు తలకిందులుగా కనిపించాయి గాని చదవగలిగాను. ప్రదర్శనకు ముందు ఆయుధం శుభ్రం చేయబడలేదు అని. నేను ‘చూడలేదు’ అన్నది కాగితం మీద ‘చేయలేదు’ అయింది. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరం నాకు తెలియనిది కాదు. సరిగ్గా ఈ దోషాన్నే పట్టుకుని ఒక పోటీలో ప్రత్యర్థిని నిలువునా కూల్చి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ గుడారంలో మాత్రం, మడమలు కలిపి సెల్యూట్ చేసి బయటికి వచ్చాను.

నా స్నేహితుడు నూతి దగ్గర పళ్ళెం కడుగుతున్నాడు.

“పంతులూ, నిన్నేటడిగారు?”

చెప్పాను.

“ఉస్తాద్ పొద్దున్న గొట్టం తుడుస్తన్నాడు. నాను సూసినాను.”

“నన్ను అడిగినది నేను చూశానా అని. నేను చూడలేదు.”

“మరి తుడిసినాడని ఎల్లి సెప్పు.”

“చూడనిదాన్ని చూశానని ఎలా చెప్పను? నువ్వు చూశావు, నువ్వు చెప్పు.”

“నాకు ఇంగ్లీసు మాటాడ్డం వస్తే నిన్ను బతిమాలుతానేటి? నాను సూసినానని నువ్వు సెప్పు. అది అబద్ధం కాదు గదా.”

అది అబద్ధం కాదు. నిర్దుష్టమైన వాదం. నేను దానికి సమాధానంగా, విచారణలో అడగని సాక్ష్యాన్ని ఇవ్వబోవడం క్రమశిక్షణకు విరుద్ధమన్నాను. వాడు పళ్ళెంలోని నీళ్ళు నా కాళ్ళ దగ్గర పారబోసి, “నీ నోటికి ఒక నమస్కారం రా బాబూ” అని వెళ్ళిపోయాడు. శిబిరం ముగిసేదాకా నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

ఇంతవరకు నేను చేసినది మౌనం అని సరిపెట్టుకోవచ్చు. మర్నాడు జరిగినదానికి ఆ పేరు కూడా చెల్లదు. ఉస్తాద్ చీరుకున్న వేలికి గుడ్డ చుట్టుకుని వచ్చి, మామిడిచెట్టు మొదట నా పక్కన కూర్చున్నాడు.

“బాబూ, నువ్వు తెలివైనోడివి. ఆలోసించి సెప్పు. నాను ఏటి మర్సిపోయినాను?”

ఆయన నన్ను అనుమానించి అడగలేదు. తన పద్ధతిలో తాను వరసగా అడుగుతూ వచ్చి, ఎక్కడో దారి తప్పి, చదువుకున్నవాణ్ణి సాయం అడుగుతున్నాడు. నేను మూడు కారణాలు చెప్పాను. కొండ వార చెమ్మ పట్టి ఉండవచ్చు. తూటాల మందు పాతదై మసి ఎక్కువ వదిలి ఉండవచ్చు. పిస్టన్‌కు నూనె ఎక్కువై మసిని పట్టి ఉండవచ్చు. మూడూ సంభావ్యమైనవే. ఆయన ఒక్కొక్కదానికీ తల ఊపి, మూడోదాని దగ్గర ఆగిపోయాడు.

“నూనె ఎక్కువెట్టినానేటి” అన్నాడు తనలో తాను. “పొడిగుడ్డతోటే తుడిసినాననుకున్నాను. అనుకోడం ఏరు, సెయ్యడం ఏరు.”

శిబిరం ఆఖరిరోజున ఆయన ప్రతి రైఫిలునూ రెండేసిసార్లు విప్పి చూడడం చూశాను.

వేసవికి ఆయన పింఛను పుచ్చుకుని వెళ్ళిపోయాడు. ఆ తరువాత నేను జరిగినదంతా చెబుతూ మేజరుగారికి ఇంగ్లీషులో నాలుగు పేజీల ఉత్తరం రాశాను. సత్యనిష్ఠ గురించి ఒకటిన్నర పేజీ ఉంది అందులో. కార్యాలయం నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది: ఆ అధికారి బదిలీ అయినారు; విషయం ముగిసింది. ఆ ఉత్తరానికి నకలు నా దగ్గర ఉంది. చదివితే రాసినవాడు చాలా ఉత్తముడని అనిపిస్తుంది.

వానలు మొదలై వరి నాట్లు జరుగుతున్న రోజుల్లో కోటబొమ్మాళి స్టేషనులో దిగి, రెండు మైళ్ళు బురదలో నడిచి ఆయన పల్లె చేరాను. రైలులో వచ్చినంతసేపూ చెప్పవలసినదాన్ని ఉపోద్ఘాతం, విషయం, క్షమాపణ అని విభజించుకున్నాను. ఇంటి దగ్గర ఆయన భార్య ఉంది. తలుపు గొళ్ళెం వేసుకుని పొలానికి బయలుదేరుతోంది. కాలేజీ నుంచి వచ్చానంటే రమ్మని ముందు నడిచింది.

“గొళ్ళెం ఏసినానా లేదా అని ఇప్పుడు నన్నడుగుతాడు సూడు బాబూ,” అంది. “తానేసినా నమ్మడు, నానేసినా నమ్మడు. రోజుకి నాలుగుమాట్లు ఎనక్కి తిరుగుతాడు. తుపాకీ సరిగ్గా తుడవలేదని ఆళ్ళు పంపీసినకాడి నుండి ఇదే వరస. మతిమరుపు మనిషివని నానూ అంటాను మరి, కోపమొచ్చి.”

ఆయన మోకాలి లోతు మడిలో నారు కట్టలు విసురుతున్నాడు. నన్ను చూసి గట్టు ఎక్కి వచ్చి, భార్యను, “గొళ్ళెం ఏసినావా?” అని అడిగాడు. ఆమె నా వంక చూసింది.

నేను ఉపోద్ఘాతం మొదలుపెట్టాను. మనిషి స్వభావంలోని బలహీనత గురించి రెండు వాక్యాలు అయ్యేసరికి ఆయన చెయ్యి ఎత్తాడు.

“ఒరే బాబూ, కాళ్ళు నానిపోతన్నాయి. పని మాట సెప్పు.”

“రైఫిలుకు బొట్టు కర్ర మీద పెట్టలేదు ఉస్తాద్. ఇనుము మీద పెట్టాను.”

ఆయన చేతిలోని నారు కట్టను గట్టు మీద పెట్టాడు. తరువాత అడగడం మొదలుపెట్టాడు.

“ఎక్కడెట్టినావు?”

“రెగిలేటరు మీద. చుట్టూ.”

“ఒట్టి గంధమేనా?”

“బెల్లం కలిపాను. నిలుస్తుందని.”

“ఎంత?”

వేలి కొస చూపించాను.

“తుడిసింది పొడిగుడ్డా, తడిగుడ్డా?”

“తడిగుడ్డ.”

“బెల్లం” అన్నాడాయన. “ఆ పిస్టన్ సేతిలోకి తీసుకుంటే మాడిన పాకం వాసనొచ్చినాది. మందు అలగ రాదు. నా ముక్కు కూడా పాడైపోయినాదనుకున్నాను.” బురద ఆరుతున్న రెండు చేతులనూ ముందుకు చాచి తిప్పి తిప్పి చూసుకున్నాడు. “నూనె కాదన్నమాట. నాను సరిగ్గానే తుడిసినాను.”

“సరిగ్గానే తుడిచారు.”

“మరి మామిడిసెట్టు కింద నూనె అన్నావు.”

ఆయన గొంతు పెంచలేదు గాని, అంతవరకు ఉన్న ‘బాబూ’ అనే పిలుపు ఆయన మాటల్లోంచి జారిపోయింది.

“నాకు సెప్పినావు, అయ్యింది. దానికి సెప్పు. మతిమరుపోడినని రోజూ తిట్టించుకుంటన్నాను.”

గట్టు మీద నిలబడి ఉన్న ఆమెకు మళ్ళీ చెప్పాను. బొట్టు, బెల్లం, తడిగుడ్డ, మేజరుగారు అడిగినది, నేను చెప్పినది. విభజించుకున్న భాగాలేవీ జ్ఞాపకం లేవు. ఆమె అంతా విని ఒకటే అడిగింది.

“అక్కడే ఉన్నావు గదా. అప్పుడే సెప్పీలేకపోనావేటి?”

“అందరూ నవ్వుతారని.”

“నవ్వుతారనా” అంది ఆమె. తిట్టలేదు. ఆ మాట అర్థమయిందో లేదో చూసుకుంటున్నట్టు మరోసారి మెల్లిగా అనుకుని, భర్త వైపు చూసింది. ఆయన మడి వైపు చూస్తున్నాడు.

“రాసియ్యి,” అన్నాడు ఆయన చివరికి. “తెలుగులో. ఆఫీసుకి కాదు, ఆళ్ళకింక అక్కర్లేదు. నాకు.”

సంచిలో నోటుపుస్తకం ఉంది. గట్టు మీద కూర్చుని ఒక కాగితం చింపి రాశాను. ఉస్తాద్ రైఫిలును సరిగ్గా శుభ్రం చేశారు. నేను పొరపాటున ఇనుము మీద బెల్లం కలిపిన గంధం పూసి దాన్ని చెడగొట్టాను. పొరపాటున ఆ సంగతి విచారణలో చెప్పలేదు. కింద సంతకం చేశాను. ఆయన చేతులు కాలువలో కడుక్కుని, పంచెకు తుడుచుకుని, కాగితం అందుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాడు. రెండోసారి వచ్చిన ‘పొరపాటున’ దగ్గర వేలు పెట్టి ఆగాడు.

“మొదటిది ఒప్పుకుంటాను. తెలవక పూసినావు. ఇది మాత్రం పొరపాటు కాదు గదా.”

“కాదు.”

“కొట్టీ.”

కొట్టేశాను. దాని చోట మరొక మాట వెయ్యాలని కలం పట్టుకుని కాసేపు ఆలోచించాను. భయం వల్ల అనవచ్చు. అహంకారం వల్ల అనవచ్చు. ఏది వేసినా అది నా పక్షాన వాదించడానికే వచ్చినట్టు కనిపించింది. ఏమీ వెయ్యకుండా కాగితం తిరిగి ఇచ్చాను. ఆయన మళ్ళీ మొదటి నుంచి చదివాడు. కొట్టివేత దగ్గర ఆగకుండా దాటి, చివరిదాకా చదివాడు.

“ఊఁ” అని మడిచి భార్యకిచ్చాడు. “పింఛను కాయితాల పెట్టెలో ఎట్టు.” ఆమె దాన్ని కొంగున ముడి వేసుకుంది.

ఆయన గట్టు దిగి మడిలోకి వెళ్ళి, మిగిలిన నారు కట్టలు అందుకున్నాడు. నన్ను వెళ్ళమనలేదు, ఉండమనలేదు. తిరుగు ప్యాసింజరు రైలు సాయంత్రానికి గాని లేదు.